వార్తకు వెల మా వివరాలా?

సంపాదకులకు నమస్కారం.

మా ఊళ్ళో పేపరు వేసే కుర్రాడు నెల మొదట్లో వచ్చి బిల్లు తీసుకుని వెళ్ళేవాడు. నేను జిల్లా పేజీ చదివానో, ఆరోగ్యం పేజీ చదివానో అతనికీ తెలియదు, పత్రికకూ తెలియదు. ఇప్పుడు బెంగళూరులో మా అబ్బాయి దగ్గర ఉంటున్నాను. గుంటూరు జిల్లా ఎడిషన్ ఇక్కడికి రాదు కనుక ఆన్‌లైన్‌లోనే చదవాలి.

మీ పత్రిక యాప్‌లో జిల్లా పేజీ తెరవబోతే మొదట మొబైల్ నంబరు, ఓటీపీ, తర్వాత పుట్టిన తేదీ, ఆపైన లొకేషన్, చివరికి ఫోన్‌లోని కాంటాక్టులు చూసేందుకు అనుమతి అడిగారు. ‘అంగీకరిస్తున్నాను’ అన్న బటన్ మాత్రం తెలుగులో ఉంది. దేనికి అంగీకరిస్తున్నానో చెప్పే పాఠమంతా ఇంగ్లిషులో ఉంది. చందా కడతానన్నా ఆ వివరాలు ఇవ్వక తప్పదట. నా పుట్టిన తేదీ ఇవ్వాలా వద్దా అన్నది నా ఇష్టం అనుకుందాం. కానీ నా కాంటాక్టుల్లో మా చెల్లెలి నంబరు ఉంది, పాత విద్యార్థుల నంబర్లు ఉన్నాయి. నేను ఉచితంగా పేపరు చదువుకోవడానికి వాళ్ళ నంబర్లు ఇచ్చే హక్కు నాకెక్కడిది?

2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం అంగీకారం స్వేచ్ఛగా, షరతులు లేకుండా ఇచ్చినదై ఉండాలి, చెప్పిన పనికి అవసరమైన వివరాలకే పరిమితం కావాలి. టెలిమెడిసిన్ యాప్ కాంటాక్టుల జాబితా అడిగితే, వైద్యసేవకు అది అవసరం లేదు కనుక ఆ మేరకు అంగీకారం చెల్లదని చట్టంలోనే ఉదాహరణ ఇచ్చారు. వైద్యానికే అక్కర్లేనిది వార్త చదవడానికి ఎందుకు? నోటీసును ఇంగ్లిషులో గాని, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్లోని 22 భాషల్లో దేనిలోనైనా గాని చదువుకునే అవకాశం ఇవ్వాలని కూడా ఆ చట్టం చెబుతోంది. తెలుగు అమ్ముకుని బతికే పత్రిక ఈ ఒక్క కాగితాన్ని తెలుగులో రాయించలేకపోవడం నాకు నిజంగా బాధ కలిగించింది.

పత్రిక నడపాలంటే డబ్బు కావాలి, కాదనను. ఆస్ట్రియాలో డెర్ స్టాండర్డ్ పత్రిక 2018లోనే ‘ట్రాకింగ్‌కు (మీరు ఏం చదువుతున్నారో గమనించడానికి) ఒప్పుకోండి, లేదా చందా కట్టండి’ అని పాఠకుల ముందు పెట్టింది. ఆ పద్ధతి మీదా అక్కడ అభ్యంతరాలు వచ్చాయి. అయినా బేరం ఏమిటో పాఠకుడికి కనబడింది. ఇక్కడ అదీ లేదు.

2025 నవంబరులో మన డేటా రక్షణ చట్టానికి నియమావళి వచ్చినా ప్రధాన నిబంధనల అమలుకు 18 నెలల గడువు ఇచ్చారు. ఆ గడువు తీరేదాకా ఆగకుండా, తెలుగు నోటీసు, ట్రాకింగ్ లేని చందా, ఖాతాను సులువుగా తీసేసుకునే వీలు మీ యాప్‌లో ఎప్పటిలోగా కల్పిస్తారో ఇదే శీర్షికలో తెలియజేయవలసిందిగా కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, బెంగళూరు