గొంతే లేని మనిషిని 'ఫోన్లో మాట్లాడండి' అంటే ఎట్లా?

సంపాదకులకు నమస్కారం.

మా నాన్న ముప్పై ఏళ్లు ఆర్టీసీలో కండక్టరు. ఆయన 'రైట్ రైట్' అన్నారంటే వెనక సీట్లో నిద్రపోయేవాళ్లు కూడా ఉలిక్కిపడి లేచేవాళ్లు. రెండేళ్ల కిందట గొంతు కేన్సర్ వచ్చి స్వరపేటిక మొత్తం తీసేశారు. ఇప్పుడు ఆయనకు ఊపిరి ఆడేది మెడ దగ్గర పెట్టిన రంధ్రం గుండానే, అందుకని మాటే కాదు, ఈల వేయడం, వేడి టీ ఊదుకోవడం కూడా కుదరదు, ఆ సంగతి ఇంటికొచ్చి ఆయన టీ గ్లాసు పట్టుకున్నాక గానీ మాకు తెలియలేదు.

డిశ్చార్జి రోజున మందుల చీటీ ఇచ్చారు, ఏం తినాలో చెప్పారు. మరి మాట్లాడేదెట్లా అంటే 'రాసి చూపించమనండి' అన్నారు, అంతే. ఎలక్ట్రోలారింక్స్ అని చిన్న టార్చిలైటంత మిషను ఉంటుందని, దాన్ని గొంతుకు ఆనిస్తే వచ్చే అదురునే నోటితో మాటగా మలుచుకోవచ్చని, బెంగళూరులో డాక్టర్ విశాల్ రావు 50 రూపాయల్లో అయిపోయే స్వర పరికరం ఒకటి తయారుచేశారని యూట్యూబ్ చూసి తెలుసుకున్నాం. ఈ ముక్క ఆపరేషన్‌కి ముందే ఎవరైనా చెప్పి ఉంటే ఆయన ఆ రెండు నెలలు పలక పట్టుకుని గోడవైపు తిరిగి పడుకునేవారు కాదు.

చివరికి మా మేనకోడలు ఆయన ఫోన్లోనే తెలుగులో టైప్ చేస్తే పైకి చదివే ఏర్పాటు చేసింది, పైసా ఖర్చు లేదు. వచ్చేది ఆడగొంతు, టీ కొట్టు దగ్గర ఫ్రెండ్స్ ఒకటే నవ్వు! ఆయన మొట్టమొదట టైప్ చేసింది 'లోపలికి జరగండి'.

అసలు టెన్షన్ బ్యాంకుతో వచ్చింది. ఏటీఎం కార్డు బ్లాకైతే కస్టమర్ కేర్‌వాళ్లు ఖాతాదారే మాట్లాడాలన్నారు. నాన్న టైప్ చేసి వినిపిస్తే 'రికార్డింగులు ఒప్పుకోం సార్' అని పెట్టేశారు. బ్రాంచికి మూడుసార్లు తిరిగాం. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో స్వరపేటిక తీసేసినవాళ్ల పేరు చెప్పి మరీ రాశారు. డిజిటల్ కేవైసీ, అంటే ఖాతాదారు ఎవరో ఆన్‌లైన్లో నిర్ధారించుకునే పద్ధతి, వికలాంగులకు కూడా అందాలని 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. అయినా ఫోన్ ఎత్తిన కుర్రాడి దగ్గర 'మాట్లాడలేరు' అని నొక్కడానికి ఒక బటన్ లేదు. ఎస్ఎంఎస్‌లోనో చాట్‌లోనో వివరాలు అడగడానికి ఏం అడ్డమో బ్యాంకులవాళ్లే చెప్పాలి.

– ఒక పాఠకుడు, ఖమ్మం