రోజుకి 15 సెకన్లు ఫాస్టా? కంగారు పడకు

ఒరేయ్ సుబ్బూ,

నీ కొత్త ఆటోమేటిక్ వాచీ (బ్యాటరీ లేకుండా చేతి కదలికకే కీ ఎక్కేది) రోజుకి 15 సెకన్లు ముందుకి పోతోందని, షాపువాడు పాడైన ముక్క అంటగట్టాడేమోనని తెగ మథనపడ్డావు. వెనక మూత మీద 4ఆర్36 అని ఉందన్నావుగా, అది సీకో కంపెనీ మెషీను, అంటే వాచీ లోపలి యంత్రం పేరు. కంపెనీ తనకు తాను పెట్టుకున్న హద్దే రోజుకి +45 నుంచి -35 సెకన్లు. సిటిజన్ వాళ్ల మియోటా 8215 అనే మెషీనుకి -20 నుంచి +40. నీ వాచీ హద్దులోనే ఉంది, అదీ దర్జాగా.

ఒక్క లెక్క చూడు. దాని బ్యాలెన్స్ చక్రం, అంటే అటూ ఇటూ ఊగుతూ టైము కొలిచే చక్రం, సెకనుకి 6 సార్లు కొట్టుకుంటుంది, అంటే రోజుకి 5,18,400. నీ 15 సెకన్లకి అందులో 90 దెబ్బలు ఎక్కువ పడ్డాయంతే. నెలకి 15 సెకన్లు తేడా వచ్చే బ్యాటరీ వాచీతో దీన్ని పోల్చడం అన్యాయంరా.

అసలు చూడాల్సింది ఎంత ఫాస్టు అని కాదు, రోజూ అంతే ఫాస్టా అని. రోజూ +12 చూపించేది మంచి వాచీ. ఒకరోజు +20, మర్నాడు -10 అయితే అనుమానించాలి. అప్పుడు మొదట చూడాల్సింది కీ. రోజంతా కుర్చీలో కూర్చునేవాడి చేతికి రోటర్, అంటే చెయ్యి కదిలితే తిరిగి కీ ఇచ్చే బరువు ముక్క, సరిగ్గా తిరగదు, స్ప్రింగు సగమే నిండుతుంది, చక్రం ఊపు తగ్గి టైము అటూ ఇటూ అవుతుంది. పొద్దున్నే క్రౌన్‌ని (పక్కనుండే కీ గుండీని) ఓ 20, 30 సార్లు తిప్పు. ఎక్కువ తిప్పితే తెగిపోతుందన్న భయం వద్దు, ఆటోమేటిక్‌లో నిండాక స్ప్రింగు చివర లోపలే జారుతుంది. సీకో వాళ్ల పాత 7ఎస్26 మెషీనుకి క్రౌన్‌తో కీ ఇచ్చే సౌకర్యం లేదు, చేత్తో ఊపాల్సిందే.

ఇక రాత్రి పడక. డయల్ పైకి పెట్టి పడుకోబెడితే ఒక వేగం, క్రౌన్ పైకి వచ్చేలా నిలబెడితే ఇంకో వేగం. పగటి ఫాస్టుని రాత్రి స్లోతో కొట్టేయొచ్చు, రూపాయి ఖర్చులేని రిపేరు.

ఉన్నట్టుండి రోజుకి నిమిషాల లెక్కన పరిగెడితే మాత్రం అయస్కాంతం పట్టిందేమో చూసుకో. స్పీకరు, టాబ్లెట్ కవరు, హ్యాండ్‌బ్యాగు గుండీ, ఏదైనా చాలు. బ్యాలెన్స్ చక్రాన్ని ఊపే సన్నటి హెయిర్‌స్ప్రింగు చుట్లు ఒకదానికొకటి అంటుకుంటే స్ప్రింగు పొట్టిదైనట్టే, చక్రం గబగబా ఊగుతుంది. వాచీ షాపులో అయస్కాంతం వదలగొట్టే డీమాగ్నెటైజర్ ఉంటుంది, నిమిషం పని. నువ్వే కొనుక్కుంటే బటన్ నొక్కి ఉంచి, వాచీని మెల్లగా మూర దూరం లాగు, ఆ తర్వాతే బటన్ వదులు. వాచీ దానిమీద ఉండగా వదిలావంటే మళ్లీ పడుతుంది.

మూత విప్పి సరిచేద్దామన్న కోరిక నీకు తప్పకుండా పుడుతుంది, నీ సంగతి నాకు తెలీదూ! బ్యాలెన్స్ పైన రెండు మీటలుంటాయి. వేగం మార్చేది ఒకటే. రెండోది బీట్ ఎర్రర్‌కి, పొరపాటున దాన్ని కదిపితే టిక్కుకీ టాక్కుకీ మధ్య ఎడం కుంటుతుంది. టిక్కుల్ని విని వేగం చూపించే టైమ్‌గ్రాఫర్ లేకుండా చెయ్యి పెట్టకు. పెట్టినా స్క్రూడ్రైవర్ వద్దు, పళ్లపుల్లతో వెంట్రుకవాసి జరుపు. కాస్త ఫాస్టు వైపే వదిలెయ్: వారానికి 84 సెకన్లు ముందుకెళ్లిందనుకో, ఆదివారం క్రౌన్ లాగి 84 సెకన్లు ఆపితే సరి. స్లో అయితే ముళ్లు జరిపి మళ్లీ సెకను కలుపుకునే తలనొప్పి.

తేదీ మాత్రం రాత్రి 9 నుంచి తెల్లవారుజాము 4 మధ్య మార్చకు. అప్పటికే పళ్లచక్రాలు తేదీని పట్టుకుని ఉంటాయి, విరుగుతాయి. ముళ్లని 6 దగ్గరికి తెచ్చి మార్చుకో.

మీ బావగారు ఆన్‌లైన్లో వెయ్యిరూపాయలకి పాత సీకో 5 చూశారన్నావు. డయల్ తళతళ మెరుస్తుంటే వద్దను, మళ్లీ రంగేసి నాలుగు వాచీల ముక్కలు కలిపిన బాపతు అయ్యుంటుంది. టైము నమ్మకం అడగనే వద్దు.

ఓ పని చెయ్యి. వారంపాటు రాత్రి 9కి ఫోను టైముతో పోల్చి అంకెలు రాయి. మొదటి మూడు రాత్రులు డయల్ పైకి, తర్వాతి నాలుగు క్రౌన్ పైకి. ఆ కాగితం ఫోటో తీసి పంపు, చూసి చెప్తాను.

నీ
రాము