షుగరు పుస్తకంలో పొగ సంగతి కూడా రాయండి

సంపాదకులకు నమస్కారం.

నవంబరు 14న ప్రపంచ మధుమేహ దినం సందర్భంగా మీరిచ్చిన ప్రత్యేక పేజీ మొదటి నుంచి చివరిదాకా చదివాను. కొర్రలు, రాగి జావ, రాత్రిపూట అన్నం తగ్గించడం, పొద్దున్నే నడక, అన్నీ పనికొచ్చే మాటలే. అయితే పేజీ మొత్తంలో పొగ గురించి ఉన్నది ఒకే ఒక్క వాక్యం. అదీ అడుగున, 'ధూమపానం, మద్యపానం మానాలి' అని. నేను ప్రకాశం జిల్లా పల్లెల్లో 31 ఏళ్లు ఏఎన్ఎంగా పనిచేసి రెండేళ్ల కిందట రిటైరయ్యాను. ఆ ఒక్క వాక్యం ఎందుకు సరిపోదో చెప్పాలంటే మా అన్నయ్య కాలి సంగతి చెప్పాలి. ఆయన ఒప్పుకున్నాకే రాస్తున్నాను.

మాది పొగాకు రైతు కుటుంబం. నాన్న బ్యారన్ (పచ్చి పొగాకును వేడితో ఆరబెట్టే కొట్టు) కాల్చి అమ్మిన ఆకు డబ్బుతోనే నేను ట్రైనింగ్ చదివాను. కాబట్టి ఆ పంటను తిట్టడానికి నాకు నోరు రాదు. అన్నయ్యకు పద్దెనిమిదేళ్లకే సిగరెట్టు అలవాటైంది. 2010లో, 46 ఏళ్ల వయసులో షుగరు బయటపడింది. ఆ రోజు నుంచి తిండి విషయంలో ఆయన ఎంత నిష్ఠగా ఉన్నాడంటే, సంక్రాంతికి ఇంట్లో అరిసెలు వండుతుంటే బయటికి వెళ్లి కూర్చునేవాడు. టీ కొట్టులో ఆయన కోసం చక్కెర వేయని పాలు విడిగా ఉంచేవాళ్లు. ఆ చక్కెర లేని టీ గ్లాసు ఒక చేతిలో, సిగరెట్టు ఇంకో చేతిలో. రోజుకు పది. బ్యారన్ కాల్చే రోజుల్లో రాత్రి నిద్ర ఉండదు కాబట్టి పదిహేను. వదిన ఏమన్నా అంటే, 'నాకున్నది షుగరు, ఊపిరితిత్తుల జబ్బు కాదు గదా' అనేవాడు.

ఈ మాట ఆయనొక్కడిదే కాదు, నేను తిరిగిన ప్రతి ఊళ్లో విన్నాను. షుగరంటే కంచంలోంచి వచ్చే జబ్బు, సిగరెట్టంటే క్యాన్సరు. రెండింటికీ సంబంధం ఉందని మనవాళ్లు అనుకోరు. పెట్టె మీద 85 శాతం జాగాలో వేసే హెచ్చరిక బొమ్మ చూసినా గుర్తొచ్చేది క్యాన్సరే.

2023 మార్చిలో అన్నయ్య ఆకు ఎంతవరకు పండిందో చూడటానికి బ్యారన్ లోపలికి వెళ్లాడు. నేల మీద వేడి గొట్టాలుంటాయి కదా, ఎడమ మడమ ఒకదానికి ఆనింది. ఆయనకు తెలియలేదు. ఆ కాలికి స్పర్శ ఎప్పుడు తగ్గిందో కూడా ఆయనకు తెలియదు. సాయంత్రం వరండా గచ్చు మీద తడి అడుగులు చూసి వదిన, 'నీళ్లు తొక్కి వచ్చారా' అని అడిగింది. అది నీళ్లు కాదు, బొబ్బ చిట్లి కారిన రసి. పసుపు పెట్టారు. తర్వాత ఏదో ఆయింట్‌మెంటు పూశారు. నాకు చెప్పేసరికి తొమ్మిది రోజులు. నేను వెళ్లి చూసేటప్పటికి మడమ అంచులు నల్లబడి ఉన్నాయి, గదిలోకి అడుగు పెట్టగానే వాసన.

ఆసుపత్రిలో కాలికి రక్తం ఎలా పారుతోందో చూసే డాప్లర్ పరీక్ష చేశారు. మోకాలి కింద రక్తనాళం బాగా సన్నబడిపోయిందన్నారు. సర్జన్ గారు అడిగిన మొదటి ప్రశ్న షుగరు ఎంతుందని కాదు, 'రోజుకు ఎన్ని తాగుతారు' అని. పుండు మానాలంటే అక్కడికి రక్తం చేరాలి, చేరకపోతే ఎంత ఖరీదైన మందైనా దారిలోనే ఆగిపోతుంది అని ఆయన చెప్పారు. ఆ సాయంత్రమే అన్నయ్య కట్టు కట్టిన కాలితో కుంటుకుంటూ మెట్ల దగ్గరికి వెళ్లి సిగరెట్టు వెలిగించాడు. టెన్షన్ తట్టుకోలేక వెలిగించానన్నాడు. ఆ ఒక్క సిగరెట్టు వల్లే కాలు పోయిందని నేననను, 40 ఏళ్ల లెక్క అది. మొదట కుళ్లిన భాగం తీసి శుభ్రం చేశారు. మే నెలలో కాలును మోకాలి కింద నుంచి తీసేశారు.

నాగార్జునసాగర్ కుడి కాలువ చివరి భూముల సంగతి మా జిల్లా రైతులకు నేను చెప్పనక్కర్లేదు. పైన తూము కాస్త దించినా ముందు ఎండేది చివరి చేనే. ఒంట్లో పాదం అలాంటి చివరి చేను. షుగరు ఏళ్ల తరబడి రక్తనాళాల్లో పూడిక పెంచుతుంది. పొగ కూడా ఆ పూడికకు తోడవుతుంది, పైగా దమ్ము లాగిన ప్రతిసారీ నికోటిన్ నాళాలను బిగిస్తుంది. వచ్చే ఆ కాస్త రక్తంలో ప్రాణవాయువు ఉండాల్సిన చోటును పొగలోని కార్బన్ మోనాక్సైడ్ ఆక్రమిస్తుంది. నరాలు చచ్చుబడటం వల్ల నొప్పి తెలియదు. ఇవన్నీ కలిస్తే చిన్న బొబ్బ చాలు. గుండె, మూత్రపిండాలు, కంటి వెనక పొర కూడా ఇదే దారిలో దెబ్బతింటాయి. కానీ పల్లెలో మేం ఎక్కువగా చూసేది పాదాన్నే.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. నికోటిన్ వల్ల శరీరం ఇన్సులిన్ మాట వినడం తగ్గుతుంది. అందుకే అదే మాత్ర, అదే తిండి అయినా పొగ తాగేవాళ్లకు మూడు నెలల షుగరు పరీక్షలో అంకె దిగడం కష్టం. అసలు షుగరు రావడానికే పొగ ఒక కారణమని 2014లో అమెరికా ప్రభుత్వ ప్రధాన ఆరోగ్యాధికారి అయిన సర్జన్ జనరల్ నివేదిక తేల్చింది. తాగేవాళ్లకు ఆ ముప్పు 30 నుంచి 40 శాతం ఎక్కువ. మన దేశంలో 10.1 కోట్ల మందికి షుగరు ఉందనీ, మరో 13.6 కోట్ల మంది దాని అంచున ఉన్నారనీ 2023లో ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) అధ్యయనం లెక్క చెప్పింది. ఆ అంచున నిలబడి సిగరెట్టు కాల్చేవాళ్లకు ఈ సంగతి ఎవరు చెబుతున్నారు?

ఇప్పుడు నా తప్పు చెప్పాలి. ముప్పై దాటినవాళ్లందరి దగ్గరికీ వెళ్లి నింపే ఫారం ఒకటుంది, మేం సీబ్యాక్ అంటాం. అందులో వయసు, నడుము కొలతలతో పాటు పొగాకు వాడతారా అన్న ప్రశ్న కూడా ఉంటుంది. లేదంటే సున్నా, అప్పుడప్పుడూ అంటే ఒకటి, రోజూ అంటే రెండు మార్కులు. అన్నయ్య కాలు కాలడానికి ముందు ఏడాది, ఆశా కార్యకర్తతో కలిసి వాళ్లింటికి వెళ్లి ఆ ఫారం నేనే నింపాను. 'రోజూ' అన్న చోట టిక్కు పెట్టాను, రెండు మార్కులు వేశాను, పక్కింటికి వెళ్లిపోయాను. ఆ రెండు మార్కుల తర్వాత ఏం చేయాలో ఫారంలో లేదు, నాకూ తోచలేదు. సొంత అన్నయ్య, కాసేపు కూర్చుని మాట్లాడాల్సింది.

నెలనెలా 104 బండి (ఊళ్లు తిరిగే సంచార వైద్యశాల) ఊళ్లోకి వస్తుంది. వరసలో నిలబడినవాళ్లకు వేలికి సూది గుచ్చుతారు, వాళ్ల షుగరు పుస్తకంలో అంకె రాస్తారు, మెట్‌ఫార్మిన్ మాత్రలు ఇస్తారు. అక్కడ పనిచేసేవాళ్లను నేను తప్పు పట్టను, ఒక్క పూటలో ఎంతమందిని చూడాలో నాకు తెలుసు. ఆరోగ్య శాఖను కోరేది ఇదే: ఆ పుస్తకంలో షుగరు అంకె పక్కనే ఇంకో గడి పెట్టించండి. ఈ నెల పొగ తాగుతున్నారా, ఎన్ని, మానాలని ఉందా, ఇవి ప్రతి నెలా అడగాలి. చెప్పులు విప్పించి పాదాలు చూడాలి. మానాలని ఉంది అన్నవాళ్ల పేర్లు ఊరి క్లినిక్‌కు అందాలి, వారం తిరిగేలోపు ఎవరో ఒకరు వాళ్లతో మాట్లాడాలి. సిగరెట్టు పెట్టె మీద 1800-11-2356 అని, పొగాకు మానడానికి సాయం చేసే ఉచిత నంబరు ఉంటుంది. ఫోన్ కలిపి వాళ్ల చేతికిచ్చినా మేలే.

మగవాళ్లను మాత్రమే అడిగి ఊరుకోవద్దు. చుట్ట తాగే పెద్దమ్మలు మా వైపూ ఉన్నారు. ఉత్తరాంధ్రలో నిప్పు నోట్లో ఉంచుకుని అడ్డపొగ తాగే అమ్మలకూ షుగరు వస్తుంది. బీడీ అయితే ఏం కాదనేది కూడా వట్టి భ్రమ.

మానమని చెప్పేటప్పుడు తర్వాత ఏమవుతుందో కూడా చెప్పాలి. మొదటి వారాల్లో ఆకలి పెరుగుతుంది, కొన్ని నెలల్లో మూడు నాలుగు కేజీల బరువు పెరగొచ్చు, షుగరు కాస్త పైకీ కిందికీ అవుతుంది. అది చూసి భయపడి మళ్లీ మొదలుపెట్టినవాళ్లు నాకు తెలుసు. ఇన్సులిన్ తీసుకునేవాళ్లకు మానిన తర్వాత అది ఇంకా బాగా పనిచేసి షుగరు పడిపోయే వీలుంది, అందుకే డోసు డాక్టరు గారితో సరిచూసుకోవాలి. ఇలాంటివి మీలాంటి పత్రికలు విడమరిచి రాస్తే పదిమందికీ చేరతాయి. కాకరకాయ రసానికి ఇచ్చినంత చోటు దీనికీ ఇవ్వమని అడుగుతున్నాను.

కాలు తీసేసిన నాటి నుంచి అన్నయ్య సిగరెట్టు ముట్టలేదు. కుడి కాలు బాగానే ఉంది. వదిన రోజూ రాత్రి టార్చి వేసి ఆ అరికాలు, వేళ్ల సందులు చూస్తుంది. ఈ ఉత్తరం చదివి వినిపిస్తే ఆయన ఒక్క మాట కలపమన్నాడు: 'ఆ రోజు మంట పుట్టి ఉంటే ఆ రాత్రే నీ దగ్గరికి వచ్చేవాణ్ని. నొప్పి లేదని ఊరుకున్నా. అది రాయమ్మాయ్.'

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఏఎన్ఎం,
ప్రకాశం జిల్లా