కార్యదర్శి వార్షిక నివేదిక: కుర్చీ వ్యాయామం, ఇంటి సందర్శనలు, కర్రల తనిఖీ

సంఘ సభ్యులందరికీ నమస్కారం.

సర్వసభ్య సమావేశంలో కార్యదర్శి నివేదిక చదవాలన్నది మన నిబంధన. వృద్ధులకూ దివ్యాంగులకూ తోడుగా ఉండటానికి పెట్టుకున్న సంఘం మనది, ఆ సంగతి మీకు మళ్లీ చెప్పనక్కర్లేదు కాబట్టి నేరుగా పనుల్లోకి వస్తాను.

కుర్చీ వ్యాయామ తరగతి ఏడాది పొడుగునా సోమ, బుధ, శుక్రవారాల్లో ఉదయం 7 గంటలకు కమ్యూనిటీ హాల్లో నడిచింది. ఒకటో తేదీన మాత్రం మానేశాం. ఆ రోజు పింఛను ఇంటికే తెచ్చి ఇస్తారు కనుక అది అందేదాకా ఎవరూ గడప దాటరు. మొదట్లో హాల్లోని ప్లాస్టిక్ కుర్చీలే వాడాం. అవి తేలిక, చేతుల మీద బరువు వేసి లేవబోతే వెనక్కి జారిపోతాయి. ఇప్పుడు చేతులున్న ఇనుప కుర్చీలను గోడకు ఆనించి వేస్తున్నాం. సీటు నేలకు 18 అంగుళాల ఎత్తులో ఉండాలి. అంతకన్నా తక్కువైతే మోకాళ్లు అరిగినవాళ్లు లేవలేరు.

కూర్చుని లేవడం తేలిక పనిలా కనిపిస్తుంది గానీ తప్పులన్నీ అక్కడే జరుగుతాయి. పాదాలు ముందుకు చాచి లేవబోతారు, వెనక్కి పడతారు. సీటు అంచుకు జరగాలి, మడమలు మోకాళ్ల కన్నా కాస్త వెనక్కి తీసుకోవాలి, ముక్కు కాలివేళ్ల మీదికి వచ్చేదాకా ముందుకు వంగి లేవాలి. మొదటి వారం 5 సార్లు, ఓపిక వచ్చాక 10 సార్లు చొప్పున రెండు విడతలు. ఊపిరి బిగపడితే బీపీ పెరుగుతుంది. అందుకే అందరిచేతా ఒకటి, రెండు అని పైకి లెక్క పెట్టిస్తున్నాం. లేవలేనివాళ్లు చుట్టిన తువ్వాలును మోకాలి కింద పెట్టుకుని 5 సెకన్లు అదిమి వదలాలి, అది 10 సార్లు. సుగరు ఉన్నవాళ్లు పరగడుపున రాకూడదు. ఇన్సులిన్ వేసుకునేవాళ్ల జేబులో పటికబెల్లం ముక్క ఉండాలి.

మూడు నెలలకోసారి ఒక పరీక్ష పెట్టాం. కుర్చీలోంచి లేచి 3 మీటర్లు నడిచి, వెనక్కి తిరిగి వచ్చి కూర్చోవాలి. 12 సెకన్లు, అంతకు మించి పడితే తూలి పడే ప్రమాదం ఉన్నట్టు లెక్క. అలాంటివాళ్లకు పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టిన మూడో నిమిషంలో ఒకసారి బీపీ చూశాం. పై అంకె 20 పడిపోతే మాత్రల మోతాదు చూడమని డాక్టరుగారి దగ్గరికి పంపాం. తలతిరుగుడుకు వయసే కారణమని సరిపెట్టుకుంటే ఎలా?

అయితే మూడో వారం వచ్చేసరికి హాలు పలచబడుతుంది. కారణం నొప్పి అనుకున్నాం. ఇళ్లకు వెళ్లి కూర్చుని మాట్లాడితే తెలిసింది, చాలామందిది దిగులు. మన పెద్దలు దిగులుగా ఉందని చెప్పరు. ఆకలి లేదు, నడుము లాగుతోంది, మూడింటికే మెలకువ వస్తోంది, ఇంకెన్నాళ్లులే అంటారు. అందుకే ఈ ఏడాది ఇంటి సందర్శనల్లో కాలితో పాటు మనసునూ చూడటం మొదలుపెట్టాం. వృద్ధుల కుంగుబాటు కొలిచే 15 ప్రశ్నల పట్టిక ఒకటుంది, అవును కాదు అని చెబితే చాలు. కుంగుబాటును సూచించే జవాబులు 5 దాటితే డాక్టరుకు చూపించాలి. కొడుకూ కోడలూ ఎదురుగా ఉండగా అడిగితే అంతా బాగానే ఉందంటారు కనుక విడిగా కూర్చోబెట్టి, వినికిడి మిషను పెట్టించి, నెమ్మదిగా అడగాలి. థైరాయిడ్, బీ12 విటమిన్ తక్కువైనా మనిషి ఇలాగే నీరసిస్తాడు, అవీ చూపించాలి. కుంగుబాటుకు మందు రాసిస్తే గుణం తెలియడానికి వారాలు పడుతుంది. పది రోజుల్లో మానేసినవాళ్లే మనలో ఎక్కువ. ఆ మందులు మొదలుపెట్టాక మత్తు, తికమక కనిపిస్తే ఒంట్లో సోడియం పడిపోయిందేమో పరీక్ష చేయించాలి.

చచ్చిపోతే బాగుండు అని ఎవరన్నా అంటే కసరకండి, మాట మార్చకండి. ఆ ఆలోచన వస్తోందా అని సూటిగా అడగండి. అడిగితే ఆలోచన పుట్టదు, గుండె బరువు దిగుతుంది. ఒంటరిగా వదలొద్దు, పురుగుమందు డబ్బా, మాత్రల సంచీ తాళం కింద పెట్టండి. 2022 అక్టోబరు 10న కేంద్రం మొదలుపెట్టిన మానసిక సాయం ఫోను సేవ టెలి మానస్‌కు 14416 నంబరులో రాత్రీ పగలూ ఫోను చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు. వృద్ధుల ఇతర ఇబ్బందులకు 14567.

పక్షవాతం వచ్చినవాళ్ల ఇళ్లలో ఒకే తప్పు పదేపదే కనిపించింది. పడిపోయిన చేయి పట్టి లేపుతున్నారు. భుజం కీలు జారి, ఆ నొప్పితో వ్యాయామమే ఆగిపోతుంది. నడుము దగ్గర పట్టుకుని లేపాలి. చొక్కా తొడిగేటప్పుడు బలం లేని చేయి ముందు, విప్పేటప్పుడు బాగున్న చేయి ముందు. మంచం మీదే ఉన్నవాళ్లను రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి. పిరుదుల కింద పెట్టే గుండ్రటి గాలి ట్యూబు మంచిదనుకుంటారు. అది చుట్టూ రక్తం ఆడనివ్వక పుండును పెంచుతుంది. పారేయమని ప్రతి ఇంట్లో చెప్పాం, మళ్లీ చెబుతున్నాం.

ఇక ఈ ఏడాది మనం గర్వంగా చెప్పుకోవాల్సింది అక్టోబరు 1, వృద్ధుల దినోత్సవం నాడు జరిగిన కర్రల తనిఖీ. శాలువాలు, ఉపన్యాసాలు వద్దనుకుని, ఇంట్లో ఉన్న కర్ర, వాకరు, చంకకర్రలు, చక్రాల కుర్చీ తెచ్చుకోమన్నాం. హాలు వరండా చాలలేదు. కొన్ననాటి నుంచి ఎత్తు సరిచూడని వాకర్లు, కర్ర అడుగున తొడిగే, నున్నగా అరిగిన రబ్బరు బుష్షులు, నొప్పి ఉన్న వైపు చేత్తోనే కర్ర పట్టుకునేవాళ్లు. రోజూ వేసుకునే చెప్పులతో నిలబెట్టి, చేయి వేలాడదీయించి, పిడి మణికట్టు మడత దగ్గరికి వచ్చేలా సరిచేశాం. అప్పుడు మోచేయి కాస్త వంగి ఉంటుంది. కర్ర బాగున్న కాలి వైపు చేతిలో ఉండాలి, బలం లేని కాలితో పాటే ముందుకు పడాలి. మెట్లెక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు నొప్పి కాలు, కర్ర ముందు. చంకకర్ర పైభాగానికీ చంకకూ మధ్య రెండు మూడు వేళ్ల సందు ఉండాలి. బరువు చంక మీద పడితే నరం నొక్కుకుని చేయి తిమ్మిరెక్కుతుంది.

బుష్షు కొనేటప్పుడు పైపు మందం మిల్లీమీటర్లలో కొలిపించండి. వదులైతే ఊడుతుంది. లోపల ఇనుప వాషరు లేకపోతే పైపు అంచు రబ్బరును కోసుకుని కిందికి దిగుతుంది. చక్రాల కుర్చీ బ్రేకు పట్టడం లేదంటే ముందు టైర్లలో గాలి చూడండి, సగానికి సగం బాధ అక్కడే తీరింది.

హాలు ముందు ర్యాంపు కూడా ఈ ఏడాదే వచ్చింది. 6 అంగుళాల మెట్టుకు మేస్త్రి 3 అడుగుల పొడవు చాలన్నాడు, కట్టేశాడు. ఒక్కరూ ఎక్కలేకపోయారు. అంగుళం ఎత్తుకు అడుగు పొడవు కావాలి. పగలగొట్టి 6 అడుగులకు మళ్లీ కట్టించాం. టైల్స్ వేయలేదు, గరుకు సిమెంటే.

జమాఖర్చులు ఆడిటరుగారి సంతకంతో మీ చేతిలోని కాగితంలో ఉన్నాయి. ర్యాంపు రెండుసార్లు కట్టిన ఖర్చు అందులో కలిసి ఉంది. సందేహాలుంటే కోశాధికారిగారిని అడగవచ్చు.

బాధతో రెండు మాటలు చెప్పాలి. సందర్శనలకు పేర్లిచ్చిన కార్యకర్తల్లో చాలామంది ఫొటో తీసిన రోజు తప్ప కనిపించలేదు. వస్తామని చెప్పి రాకపోతే ఆ ఇంట్లో మనిషి పొద్దున్నే స్నానం చేసి గుమ్మంవైపు చూస్తూ కూర్చుంటారు. రాలేనివాళ్లు ముందురోజే చెప్పండి. అలాగే, ధ్రువపత్రం కోసం దివ్యాంగులను మేడమీది గదికి రమ్మనే కార్యాలయానికి మూడుసార్లు వినతిపత్రం ఇచ్చాం, జవాబు లేదు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం ప్రభుత్వ కార్యాలయాల్లో అందరూ వెళ్లగలిగే వసతి ఉండాలంటోంది. కార్యవర్గం ఒప్పుకుంటే నాలుగోది జిల్లా కలెక్టరుగారికి ఇస్తాం.

వారానికోరోజు ఉచితంగా వచ్చిన ఫిజియోథెరపిస్టుగారికి, ఇళ్లకు నడిచి తిరిగిన ఆశా కార్యకర్తలకు, కుర్చీలు మోసిన కాలేజీ పిల్లలకు, సైకిలు షాపు మెకానిక్కుగారికి, ప్రతి తరగతికీ రాగిజావ కాచి తెచ్చిన అమ్మలందరికీ సంఘం తరఫున కృతజ్ఞతలు.

గురువారం సందర్శనల జాబితాలో ఇంకా ఖాళీలున్నాయి, సమావేశం అయ్యాక పేరు రాయించండి. మిగిలిన బుష్షులు హాలు బీరువాలో ఉన్నాయి. పాత కర్ర తెచ్చి చూపించి తీసుకెళ్లండి.

కార్యదర్శి