కొండెక్కితే చలెందుకు?

ఒరేయ్ మామా,

మొన్న నువ్వడిగావు చూడు, కొండెక్కితే సూర్యుడికి దగ్గరవుతాం కదా మరి చలెందుకు వేస్తుందని, అప్పుడు నవ్వేశాను కానీ తర్వాత ఆలోచిస్తే అది నవ్వాల్సిన ప్రశ్నే కాదనిపించింది. పదిహేను కోట్ల కిలోమీటర్లలో నాలుగైదు తగ్గితే ఎంత, తగ్గకపోతే ఎంత, దాన్ని వదిలేయ్. అసలు సంగతి, ఎండ గాలిని నేరుగా పెద్దగా వేడి చేయదు. ముందు నేల కాలుతుంది, నేలని ఆనుకున్న గాలి వేడెక్కి పైకి లేస్తుంది, పైన ఒత్తిడి తక్కువ కాబట్టి వ్యాకోచిస్తుంది, ఆ పనికి తన వేడినే ఖర్చు పెట్టేసుకుని చల్లబడిపోతుంది. పొడి గాలైతే కిలోమీటరుకి దాదాపు 9.8 డిగ్రీలు పడిపోతుంది. మబ్బు కట్టే గాలి అంత పడదు, ఆవిరి నీరయ్యేటప్పుడు వదిలే వేడి దానికి కలిసొస్తుంది. పుస్తకాల్లో సగటున 6.5 అని రాస్తారు. భూమధ్యరేఖ పక్కనే ఉన్న 5,895 మీటర్ల కిలిమంజారో నెత్తిన మంచు నిలిచిందంటే అందుకే.

ఇదంతా గాలి కథ. నేల మాత్రం ఈ లెక్కకి లొంగదు, నాకు బాగా నచ్చిందీ అదే. పైన గాలి పలచన, ఆవిరీ దుమ్మూ తక్కువ, అందుకని ఎండ సూటిగా దిగుతుంది. గాలి చల్లగా ఉన్నా ఎండలో ఉన్న బండ చుర్రుమంటుంది, రెండడుగులు నీడలోకి జరిగితే స్వెట్టర్ వెతుక్కోవాలి. పొద్దుగూకితే అదే బండ వేడంతా ఆకాశానికి వదిలేసి గాలికన్నా ముందే చల్లబడుతుంది. ఉత్తరార్ధగోళంలో దక్షిణం వైపు తిరిగిన వాలుకి ఎండ ఎక్కువ, కాబట్టి ఎత్తు ఒకటే అయినా ఒక పక్క మంచు కరిగిపోతుంది, రెండో పక్క అలాగే ఉంటుంది. ఇంకో తమాషా, మంచు దట్టంగా పేరుకుంటే అది నేలకి దుప్పటి. పైన గాలి మైనస్ ఇరవైలో ఉన్నా కింద మట్టి సున్నా దగ్గర్లోనే ఉండొచ్చు.

రాత్రిళ్ళు లెక్క తిరగబడుతుంది కూడా. గాలి కదలకుండా ఆకాశం నిర్మలంగా ఉంటే, వాలు మీద చల్లబడ్డ గాలి బరువెక్కి నీళ్ళలా కిందికి జారి లోయ అడుగున చేరుతుంది. ఎత్తుకి పోతే చలి అనుకుని నేనొకసారి తెలివిగా లోయలో వాగు పక్కన టెంట్ వేశాను. తెల్లారేదాకా పళ్ళు టకటకలాడుతూనే ఉన్నాయి. పొద్దున చూస్తే టెంట్ మీద తెల్లగా మంచు పొర, పై గట్టున పడుకున్నవాళ్ళు మాత్రం హాయిగా ఒళ్ళు విరుచుకుంటూ దిగి వస్తున్నారు. ఈసారి చోటు నువ్వు చూడు, కాస్త వాలు మీదే.

నీ మామ