తియ్యగా అనిపిస్తే పులుపు పోయినట్టు కాదు: మీ బెర్రీ మాత్రల మీద ఫిర్యాదు

నెల్లూరు

గ్రీవెన్స్ ఆఫీసర్ గారికి,

విషయం: పుల్లటివి తియ్యగా అనిపించేలా చేసే మిరాకిల్ బెర్రీ అనే పండు మాత్రల డబ్బా మీద, కరపత్రంలో ఉన్న తప్పుడు మాటలు, లేని హెచ్చరికల గురించి.

అయ్యా,

మీ మాత్రలు పనిచేశాయి. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే మీ కస్టమర్ కేర్ వాళ్ళు నా ఫోన్ ఎత్తగానే "ఎఫెక్ట్ రాలేదా మేడమ్? ఇంకో డబ్బా పంపిస్తాం" అనే మొదలుపెడుతున్నారు. నాకు ఇంకో డబ్బా వద్దు. అవి పనిచేసినప్పుడు ఒంటికి ఏమవుతుందో మీరు ఎక్కడా చెప్పలేదు, చెప్పిన నాలుగు ముక్కల్లో సగం అబద్ధం. నా ఫిర్యాదు దాని మీద.

మా అత్తయ్యగారికి చాలా ఏళ్ళుగా షుగర్. తీపి అంటే ప్రాణం. మలై కాజా అంగడి ముందు నుంచి ఆటో పోతుంటే ఆవిడ తల అటు తిప్పకుండా ఉండటానికి పడే అవస్థ మాకే తెలుసు. "షుగర్ పేషెంట్లూ, ఇక నిర్భయంగా తీపిని ఆస్వాదించండి" అన్న మీ ప్రకటన ఫోన్‌లో చూసి ఆవిడే తెప్పించమన్నారు. బిల్లు కాపీ జతచేశాను.

మాత్ర నాలుక మీద పెట్టుకుని కరిగేదాకా నోరంతా తిప్పాలి. కొంచెం వగరు, కొంచెం పులుపు, అంతకుమించి ఏమీ లేదు. ఆ తర్వాత పొదలకూరు నిమ్మకాయ, పచ్చిది, రసం కారేది, సగానికి కోసి అత్తయ్య చేతిలో పెట్టాను. నాకే ఒళ్ళు జలదరించింది. ఆవిడ మాత్రం తొక్క దాకా పీల్చేసి, గింజలు అరచేతిలో ఊసి, ఇంకో చెక్క అడిగారు. నేనూ వేసుకున్నాను. నిజంగానే నిమ్మరసంలో పంచదార పాకం కలిపినట్టే ఉంది. ఉసిరికాయ, పుల్ల బత్తాయి, టమాటా, నాలుగు రోజుల మజ్జిగ, అన్నీ తీపే. గోంగూర పచ్చడి దగ్గర పిల్లలు పడీ పడీ నవ్వారు, కారం కారంలాగే మండుతోంది, పులుపు ఉండాల్సిన చోట తీపి తగులుతోంది. మామిడికాయ వేసి చేసిన చేపల పులుసు మాత్రం పాడైపోయింది. "ఏందమ్మా ఇది, పులుసులో బెల్లమేసినావా?" అని అత్తయ్య గిన్నె పక్కకు నెట్టారు. నెల్లూరులో చేపల పులుసు వదిలేసి లేచారంటే ఎంత తీపో మీరే ఊహించుకోండి.

ఇక్కడిదాకా సరదాగానే ఉంది. మనవాళ్ళకు ఇలాంటివి బొత్తిగా కొత్త కూడా కాదు. ఉసిరికాయ నమిలి మంచినీళ్ళు తాగితే తియ్యగా ఉంటాయని చిన్నపిల్లలకూ తెలుసు. పొడపత్రి ఆకు నమిలితే కాసేపు పంచదార రుచే తెలియదు.

మీ కరపత్రంలో "ఏది తిన్నా తియ్యగా" అని ఉంది, కింద కాకరకాయ జ్యూస్ బొమ్మ కూడా వేశారు. కాకరకాయ చేదుగానే ఉంది. ఉండక ఏం చేస్తుంది? ఆ పండులో ఉండేది మిరాక్యులిన్ అనే ప్రోటీన్. అది నాలుక మీద తీపిని పట్టే గ్రాహకానికి అతుక్కుని ఊరికే కూర్చుంటుంది. నోట్లోకి ఆమ్లం రాగానే దాన్ని లేపుతుంది, మెదడుకు "తీపి" అని కబురు వెళుతుంది. ఆమ్లం లేని తిండికి అది చేసేదేమీ లేదు. ఇదేమీ రహస్యం కాదు. పశ్చిమ ఆఫ్రికా వాళ్ళు పుల్లటి గంజి, కల్లు తాగేముందు ఈ పండు నమలడం 1725 నాటికే ఒక ఫ్రెంచి యాత్రికుడు చూసి రాశాడు. 1968లో కురిహార, బైడ్లర్ అనే శాస్త్రవేత్తలు ఆ ప్రోటీన్‌ను విడదీసి చూపించారు. అమ్మకానికి పెట్టిన మీకు ఇది తెలియదంటే నేను నమ్మను.

అదే కరపత్రం వెనకవైపు "షుగర్ లేని సేమియా పాయసం" అని ఒక వంటకం ఉంది. మాత్ర పొడి చేసి మరిగే పాలలో కలపమన్నారు. కలిపాం. చప్పటి పాయసం వచ్చింది. బాగా వేడి తగిలితే ఆ ప్రోటీన్ పాడవుతుంది. పోనీ పాడవలేదే అనుకుందాం, పాలూ సేమియాలో పులుపెక్కడుంది, తీపి రావడానికి? ఆ వంటకం రాసినాయన దాన్ని ఒక్కసారైనా వండి చూశాడా అని నా అనుమానం.

ఇవి డబ్బుకు సంబంధించిన మోసాలు, పోనిద్దాం అనుకున్నా పోనివ్వచ్చు. అసలు సంగతి అత్తయ్య ఆరోగ్యం.

నోటికి తియ్యగా ఉన్నంత మాత్రాన నిమ్మకాయలో ఆమ్లం ఎక్కడికీ పోదు. నిమ్మరసం పీహెచ్ (పులుపు ఘాటు కొలిచే అంకె, తగ్గేకొద్దీ ఘాటు ఎక్కువ) సుమారు 2. పంటి పైపొర 5.5 కంటే తగ్గితేనే కరగడం మొదలుపెడుతుంది. మామూలుగా అయితే ఒక చెక్క చీకగానే పళ్ళు పులిసి, మొహం చిట్లించి మనమే పక్కన పెట్టేస్తాం. ఇక చాలు అని ఒళ్ళు చెప్పే మాట అది. మీ మాత్ర ఆ మాట వినపడకుండా చేస్తుంది. ఎంత పులుపు లోపలికి పోతోందో మనిషికి తెలియదు. ఆ ప్రభావం అరగంట నుంచి రెండు గంటల దాకా ఉంటుంది, అంతసేపూ తింటూనే ఉండొచ్చు. అత్తయ్య అదే చేశారు, రోజూ చేశారు, మీరు నిర్భయంగా అన్నారు కాబట్టి. వారం తిరక్కముందే నాలుక అంచులు పొక్కాయి, బుగ్గల లోపల తోలు లేచింది, రాత్రిపూట గుండెల్లో మంటతో లేచి కూర్చుంటున్నారు. చల్లటి నీళ్ళు తాగితే పళ్ళు జివ్వుమంటున్నాయి. పైగా తీపి తిన్నాం కదా, పళ్ళు పుచ్చిపోతాయని వెంటనే బ్రష్ చేసుకునేవారు. పులుపు తిన్న వెంటనే మెత్తబడిన పొరను బ్రష్‌తో గీకితే ఇంకా అరుగుతుందని, నోరు పుక్కిలించి కనీసం అరగంట ఆగాలని పళ్ళ డాక్టరు చెప్పారు. ఈ ఒక్క వాక్యం మీ డబ్బా మీద ఉంటే ఏం పోయేది?

షుగర్ సంగతి చూడండి. మాత్ర చక్కెర కాదు, నిజమే. చక్కెర వేసే చోట వేయకుండా ఒక గ్లాసు నిమ్మరసం తాగితే మంచిదే. కానీ మీ ప్రకటనలో ముసలాయన ముందు పళ్ళెం నిండా ద్రాక్ష, బత్తాయి, మామిడి ముక్కలు ఉన్నాయి. ఆ పండ్లలో ఉన్న చక్కెర మాత్ర వేసుకున్నా అక్కడే ఉంటుంది, రక్తంలోకే పోతుంది. "ఈ తీపి మాత్రది కదా, ఒంటికి పట్టదులే" అని అత్తయ్య బత్తాయిల మీద పడ్డారు. షుగర్ మిషన్‌లో అంకె చూశాక గానీ ఆపలేదు. చదువుకున్నావిడే, టీచరుగా రిటైరయ్యారు. అర్థం చేసుకోలేక కాదు, మీ బొమ్మ అలా అర్థమయ్యేటట్టే గీశారు.

ఇవన్నీ మీ కస్టమర్ కేర్‌కు చెబితే వచ్చిన జవాబు: "ఇది వంద శాతం నేచురల్ మేడమ్, సైడ్ ఎఫెక్ట్స్ ఉండవు." ఉమ్మెత్తకాయ కూడా నేచురలే. రోజుకు ఎన్ని వేసుకోవచ్చు అంటే "మీ ఇష్టం" అన్నారు. గర్భిణులు వాడొచ్చా అంటే లైన్‌లో ఉండమని పాట పెట్టారు, తర్వాత ఫోన్ కట్టయింది.

మీ ఇష్టం అనడానికి లేదండీ. ఐరోపా యూనియన్ 2021లో ఈ ఎండు పండును అనుమతించినప్పుడు పెద్దవాళ్ళకు రోజుకు 0.7 గ్రాము మించకూడదని, గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు కాదని హద్దు గీసింది. మీ ప్రకటనలో "అమెరికాలో ఆదరణ పొందినది" అని జెండా బొమ్మతో సహా వేశారు. అదే అమెరికాలో 1974లో అక్కడి ఆహార, ఔషధ సంస్థ దీన్ని ఫుడ్ యాడిటివ్ (ఆహారంలో కలిపే పదార్థం) కింద లెక్కగట్టి, అనుమతి లేకుండా అమ్మకూడదని ఆపేసింది. అమ్ముదామనుకున్న కంపెనీ మూతపడింది. ఆ తర్వాత మీ మాత్రలకు అక్కడ ఏదైనా అనుమతి వచ్చి ఉంటే ఆ కాగితం చూపించండి, జెండా బొమ్మ నాకు అక్కర్లేదు.

ఇంకొకటి ఉంది, ఇది రాసేటప్పుడు నాకు కోపం ఆగడం లేదు. మీ రెండో ప్రకటనలో తలకు గుడ్డ కట్టుకున్న ఒకావిడ నవ్వుతూ అన్నం తింటుంటుంది, "కీమో తర్వాత నోటికి రుచి తిరిగొచ్చింది" అని రాశారు. ఒంగోలులో మా పిన్ని కీమో చేయించుకుంటోంది. నోరంతా ఇనుము నాకినట్టుందని అన్నం ముట్టడం లేదు. ఆ ప్రకటన చూసి "నాకూ ఒక డబ్బా పంపించమ్మా" అని ఫోన్ చేసింది. కీమోలో రుచి మారిపోయినవాళ్ళకు ఈ పండు పనికొస్తుందా అని చిన్న చిన్న పరీక్షలు జరిగిన మాట నిజం. కానీ కీమోలో చాలామందికి నోరు పూసి ఉంటుంది, పచ్చి పుండ్ల మీద నిమ్మరసం పడితే ఏమవుతుందో వేరే చెప్పాలా? "మీ డాక్టరును అడిగి వాడండి" అన్న మాట కూడా లేకుండా ఆశ అమ్ముతున్నారు మీరు. పిన్నికి నేను పంపలేదు. వాళ్ళ డాక్టరు కూడా వద్దనే అన్నారు.

ఇక డబ్బా. పదార్థాలు అడుగున మడతలో, భూతద్దం పెడితే గానీ కనపడని అక్షరాల్లో ఉన్నాయి: బెర్రీ పొడి, మొక్కజొన్న పిండి. ఒక మాత్రలో పొడి ఎన్ని మిల్లీగ్రాములో లేదు. ఏ దేశంలో తయారైందో లేదు. ఆహార భద్రతా సంస్థ ఇచ్చే 14 అంకెల లైసెన్సు నంబరు ఉండాల్సిన చోట ధర స్టిక్కర్ అంటించారు. గోటితో మెల్లగా లేపి చూశాను. స్టిక్కర్‌తో పాటు కింది కాగితం పొర కూడా ఊడొచ్చింది, చివరి మూడు అంకెలు మాత్రం మిగిలాయి. ఆ ఫొటో కూడా పంపుతున్నాను.

నాకు కావలసింది ఇది. డబ్బు వెనక్కి ఇవ్వండి, కూపన్ వద్దు, వాలెట్ పాయింట్లు వద్దు, కట్టిన ఖాతాలోకే రావాలి. అత్తయ్య పళ్ళ డాక్టరు ఖర్చు బిల్లు కూడా జతచేశాను, అది మీరే భరించాలి. మాత్రలో ఎంత పొడి ఉంది, రోజుకు ఎంత మించకూడదు, ఎవరు వాడకూడదు, మన దేశంలో దీన్ని ఆహారంగా అమ్మడానికి మీకున్న అనుమతి ఏమిటి, వీటికి రాతపూర్వకంగా జవాబివ్వండి. కాకరకాయ బొమ్మ, పాయసం వంటకం, కీమో ప్రకటన తీసేయండి. పులుపు పులుపుగానే ఉంటుందని, పళ్ళకూ కడుపుకూ జాగ్రత్త అని, పండ్లలోని చక్కెర తగ్గదని డబ్బా మీద తెలుగులో, కళ్ళజోడు పెట్టుకున్న అత్తయ్యకు కనపడే సైజులో అచ్చు వేయించండి. ఆంధ్రాలో అమ్ముతున్నారు, ప్రకటన తెలుగులోనే ఇస్తున్నారు. హెచ్చరిక దగ్గరికొచ్చేసరికి తెలుగు ఎందుకు అడ్డమొస్తుంది?

2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఈ ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో మీరు తెలపాలి, నెలలోపు పరిష్కరించాలి. "మీ ఫీడ్‌బ్యాక్ మాకు విలువైనది" అన్న మెసేజ్‌ను జవాబు కింద లెక్కపెట్టను. నెల దాటితే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు, ఇక్కడి జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళతాను. లైసెన్సు నంబరు, కీమో ప్రకటన సంగతి మాత్రం నెల ఆగను, ఆ రెండూ ఈ ఉత్తరంతో పాటే ఫుడ్ సేఫ్టీ అధికారులకు పంపుతున్నాను.

మిగిలిన మాత్రలు స్ట్రిప్పుతో సహా కవర్లో పెట్టి ఉంచాను. పరీక్షకు కావాలంటే మీ మనిషిని పంపండి, రసీదు రాసిచ్చి తీసుకెళ్ళమనండి.

ఇట్లు,
మీ వినియోగదారు, నెల్లూరు

జతచేసినవి: కొన్న బిల్లు, డబ్బా నాలుగు వైపుల ఫొటోలు, ఊడొచ్చిన స్టిక్కర్ ఫొటో, కరపత్రం, రెండు ప్రకటనల స్క్రీన్‌షాట్లు, పళ్ళ డాక్టరు చీటీ, బిల్లు.