అరబ్ ఓటుకు ఇంత ఎత్తు గడపా?

ఇజ్రాయెల్ జనాభాలో అయిదో వంతు ఉన్న అరబ్ పౌరులకు ఓటు హక్కయితే ఉంది గానీ, ఆ ఓటు సీటుగా మారే దారి ఇరుకైపోయింది. పార్లమెంటులో అడుగుపెట్టడానికి కావలసిన కనీస ఓట్ల వాటాను 2014లో 2 నుంచి 3.25 శాతానికి పెంచారు. 2022 నవంబరు ఎన్నికల్లో అరబ్ పార్టీ అయిన బలద్ 2.9 శాతం దగ్గరే ఆగిపోయి, లక్షకు పైగా ఓట్లు బుట్టదాఖలయ్యాయి. కలిసి పోటీచేసి 2020లో 15 స్థానాలు గెలిచిన అరబ్ పార్టీలు చీలిపోవడం వాళ్ల స్వయంకృతమే, కాదనను. 2022 ఎన్నికలప్పుడు నేను అక్కడి హైఫా నగరంలో ఓ పెద్దాయన దగ్గర కేర్‌గివర్‌ని. పోలింగ్ రోజు మందుల షాపులో అరబ్ కుర్రాణ్ణి ఓటేశావా అని అడిగితే, బిల్లు కొడుతూనే ‘వేస్తే మాత్రం ఏమొరుగుతుంది?’ అన్నాడు. 2021లో అరబ్ నేత మన్సూర్ అబ్బాస్ పార్టీ సంకీర్ణ సర్కారులో చేరిన ముచ్చట ఏడాదికే ముగిసింది మరి. పార్టీల ప్రతినిధులతో నిండిన ఎన్నికల సంఘం బలద్‌ను అనర్హమనడం, సుప్రీంకోర్టు దాన్ని కొట్టేయడం పలుమార్లు చూశాం. అనర్హత వేటు వేసే అధికారం ఇకపై కోర్టుకే వదిలేయాలి, కనీస వాటాను తిరిగి 2 శాతానికి దించాలి.

— ఓ పాఠకుడు, ఆర్మూరు